సున్నం వంతు

మా ఊళ్ళో క్రిస్మస్ నెల వచ్చిందంటే గుడికి సున్నం వెయ్యాలి. ఏ ఇంటివాళ్ళు ఏ గోడకి వెయ్యాలో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. తాతల నాటి నుంచి వస్తున్న వంతులవి. ఇంటి ఆడవాళ్ళు కుంచెలు పట్టుకొచ్చి తమ వంతు గోడ తాము తెల్లగా చేసుకుని పోతారు. పక్కవాళ్ళ వంతులోకి బెత్తెడు జరిగినా మాటలు తప్పవు. మా అత్తారి వంతు ఉత్తరం గోడలో రెండు కిటికీల మధ్య ముక్క. నేను కాపరానికొచ్చిన ఏడాదే మా ఆయన మేనత్త వీరమ్మ నా చేతిలో కుంచె పెట్టి, "ఇదిగో పిల్లా, ఇంక ఈ గోడ నీది. తెల్లగా లేకపోతే జనం నిన్నే అంటారు," అని అప్పగించేసింది.

గుడి అంటే గోపురం అనుకోకండి. మాది చర్చి. మావాళ్ళు మొదట్నుంచీ గుడి అనే అంటారు, పాస్టరుగారిని అయ్యగారు అంటారు. ఏలూరు దాటి కొల్లేటి వైపు వస్తే మా మిరియంపాలెం. ఇంగ్లీషు దొరల రోజుల్లో ఆంగ్లికన్ మిషను కట్టించిన గుడి అది. డబ్బు దొరది, చేతులు మావాళ్ళవి. కొల్లేట్లో గుల్లలు ఏరుకొచ్చి, కాల్చి, గానుగలో తిప్పి సున్నం చేసింది మా ఆయన ముత్తాతలు. ఊళ్ళో ఏ గుమ్మమూ ఎక్కనివ్వని రోజుల్లో మావాళ్ళు ముందు తలుపులోంచి నడిచి లోపలికెళ్ళిన మొదటి కట్టడం అది. అందుకే దానికి సున్నం వేసేటప్పుడు ఎవరూ కూలి అడగరు. కూలి ఇస్తామంటే కొట్టేలా చూస్తారు.

ఆ సున్నమే నా ఎడమ కన్ను తినేసింది. డ్రమ్ములో సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటే కుతకుతా ఉడికి ఎగజిమ్మింది. చల్లటి నీళ్ళతో కడగాల్సింది పోయి పెద్దవాళ్ళు ఆముదం పోశారు. ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. సరే, పోయింది. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చాను, తర్వాత దుబాయ్ వచ్చి అల్ కుసైస్‌లో ఉమామహేశ్వరిగారింట్లో వంటకి కుదిరాను. ఒంటికన్నుతోనే వండుతున్నాను, ఉప్పు ఎక్కువైందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

మా ఆయన మాత్రం దాన్ని మర్చిపోలేదు. ఆయన పేరు ప్రభుదాస్. దుబాయ్‌లో ప్లాస్టర్ మేస్త్రి. ఈయన పూసిన గోడ మీద చీమ ఎక్కినా జారాల్సిందే, అంత నున్నగా చేస్తాడు. నా కన్ను గురించి ఎప్పుడూ ఒక్క మాట కూడా ఎత్తేవాడు కాదు. అలాంటివాడు 2020 మొదట్లో సెలవు మీద ఇంటికెళ్ళాడు. వెనక్కి వద్దామనుకునేసరికి కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. మా ఊరి గల్ఫ్ మేస్త్రులు ఇంకో నలుగురు కూడా అక్కడే ఇరుక్కుపోయారు. మా ఆయన ఊరికే కూర్చునే రకం కాదు. అందర్నీ పోగేసి, సంఘ పెద్దల్ని ఒప్పించి, గుడికి లోపలా బయటా పాత గచ్చు దులిపేసి సిమెంటు ప్లాస్టర్ పూసేశాడు. పైన వానకి చెక్కుచెదరని రంగు వేశారు. పని పూర్తయిన ఆదివారం సంఘం ముందు నిలబడి, "ఇంక మన ఆడోళ్ళెవరూ సున్నం జోలికి పోనక్కర్లేదు," అన్నాడట. అన్నది అంతే, కూర్చుండిపోయాడట.

నేను ఆ గోడని ఉమామహేశ్వరిగారి వంటింట్లో ఫోన్‌లో చూశాను. దుబాయ్ బిల్డింగు గోడలా మెరిసిపోతోంది. స్టవ్ కట్టేసి, బాత్రూంలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నా ఒక్క కన్ను కోసం ఒక మనిషి గుడంతా కప్పేశాడు. ఏ మొగుడు పెళ్ళానికి అంత చేస్తాడు? ఆ ఫోటోని రోజూ చూసుకునేదాన్ని.

విమానాలు తిరగ్గానే ఆయన మళ్ళీ దుబాయ్ పనిలోకి వచ్చాడు. మూడేళ్ళు బాగానే గడిచాయి. అప్పుడు కంపెనీ ఆయన్ని దుబాయ్‌కి గంట దూరంలో ఉన్న ఉమ్ అల్ క్వైన్ పంపింది. అక్కడ సముద్రం పాయ ఒడ్డున పాత అరబ్బు ఇల్లొకటి ఉంది. పగడపు రాయితో, సున్నంతో కట్టిన ఇల్లు. ప్రభుత్వం వాళ్ళు దాన్ని పాత పద్ధతిలోనే బాగుచేయిస్తున్నారు. మా ఆయనకి కాంప్ కూడా అక్కడికే మారింది. మొదటి నెల ఫోన్ చేసినప్పుడల్లా గొణుగుడే. "పూసే పని అనుకుని వచ్చాను సుధా. ఇక్కడ చెక్కే పని. ఎవడో పూసిన సిమెంటంతా సుత్తితో చెక్కుతున్నాం. పిచ్చోళ్ళ పని." తర్వాత గొణుగుడు ఆగిపోయింది. ఫోన్లో మాటలే తగ్గిపోయాయి. ఒంట్లో బాగాలేదేమో అని నాకు కంగారు పట్టుకుంది.

ఒక ఆదివారం నన్ను రమ్మన్నాడు. షేరింగ్ కారులో వెళ్ళాను. బయట ఎక్కడన్నా బిర్యానీ తినిపిస్తాడేమో అనుకుని మంచి చీర కట్టుకున్నాను. ఆయన నన్ను తిన్నగా ఆ పాత ఇంటికి తీసుకెళ్ళాడు. సెలవు రోజు, ఎవరూ లేరు. సనావుల్లా అని ముల్తాన్ నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి ఒక్కడే నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఎర్రగా గోరింట పెట్టిన గడ్డం, పెద్ద పొట్ట, మోకాళ్ళ నొప్పులు. నన్ను చూసి "ఆవో బేటీ" అని ప్లాస్టిక్ కుర్చీ జరిపాడు.

"ఆమెకి చూపించు ఉస్తాద్," అన్నాడు మా ఆయన హిందీలో.

సనావుల్లా మూలుగుతూ లేచాడు. గోడకి ఒక పక్క ఇంకా సిమెంటు ఉంది. చూడ్డానికి గట్టిగా, నున్నగా ఉంది. ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొట్టాడు. పలక లేచిపోయింది. దాని వెనక ఉండాల్సిన గోడ లేదు. తడి పిండి ఉంది. గోడలోంచి పిండి బొలబొలా రాలి నా చెప్పుల మీద పడింది. ఆ పిండిలో గుల్లలు కనిపించాయి, చిన్నచిన్నవి, తెల్లగా. మా గుడి గోడలో ఉన్నవాటిలాంటివే.

సనావుల్లా హిందీలో నింపాదిగా చెప్పాడు. సున్నం గోడకి నేలలోంచి చెమ్మ ఎక్కుతుందట. ఎక్కిన చెమ్మ ఎండకి బయటికి పోవాలట. పైన సిమెంటు వేస్తే అది పోయే దారి లేక, ఉప్పుతో సహా లోపలే ఉండిపోయి గోడని తినేస్తుందట. ఏటేటా పల్చగా సున్నం వేసుకుంటే వందల ఏళ్ళయినా నిలబడుతుందట.

"ఈ సిమెంటు ఎవరు వేశారు?" అని అడిగాను. ఎవడో బుద్ధిలేనివాడు అయ్యుంటాడని నా ఉద్దేశం.

"దుష్మన్ నే నహీ కియా బేటీ," అని నవ్వాడాయన. "మాలిక్ కే బేటే నే కియా. ప్యార్ సే."

శత్రువు కాదట, ఆ ఇంటి కొడుకేనట. ప్రేమతో చేశాడట.

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడనే చూస్తున్నాడు. ఆ మొహం నేను చూసింది రెండుసార్లు. ఏలూరు ఆస్పత్రి వరండాలో ఒకసారి, అక్కడ ఒకసారి. కారు ఎక్కించేటప్పుడు అన్నాడు. "సుధా, మన గుడి సచ్చిపోతాంది. నేనే సంపుతున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. జాలి పడాలని తెలుసు, కానీ ముందు మంటే వచ్చింది. "అంటే ఏంటండీ? ఆ ప్లాస్టరంతా పీకించేస్తారా? మళ్ళీ మమ్మల్ని సున్నం డ్రమ్ముల దగ్గర నిలబెడతారా? మరి నా కన్నెందుకు పోయినట్టు?" అని రోడ్డు మీదే అరిచేశాను. కారు డ్రైవరు పఠాన్, వాడికి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం. ఆయన నన్ను కారులో కూర్చోబెట్టి తలుపేశాడు. నేను దారంతా ఏడుస్తూనే వచ్చాను. ఆ ఫోటో తెరిచి చూడబోయి ఫోన్ సంచిలో పడేశాను.

మర్నాడు ఆయన అయ్యగారికి వీడియో కాల్ చేసి, ఉత్తరం గోడ కింద వేలితో నొక్కి చూడమని అడిగాడు. ఫోన్ నాకు కూడా కలిపాడు. అయ్యగారు వంగి, రంగు బుడగలా ఉబ్బిన చోట నొక్కారు. వేలు కణుపు దాకా దిగిపోయింది. తీసేసరికి తెల్లటి పొడి ఉప్పులా రాలింది. "ఇదేంటి ప్రభుదాసూ?" అన్నారాయన, భయపడిపోయి.

"ఏం భయం లేదండీ అయ్యగారూ," అన్నాడు మా ఆయన. "నడుమెత్తు దాకా సిమెంటు సెక్కించేయండి. ఒక్క ఎండాకాలం గోడని అట్టాగే వదిలేయండి. ఆరుద్ది. నేను సెలవు పెట్టుకుని వచ్చి సున్నం గచ్చు నేనే పూత్తాను. తర్వాత ఏటేటా మనోళ్ళు సున్నం ఏసుకుంటే సాలు. గుడి బతుకుద్ది."

"గోడ పడిపోతుందా అది చెప్పు. ఆదివారం పిల్లలూ పెద్దలూ అంతా దాని కిందే కూర్చుంటారు."

"పడదండీ. ఇప్పుడే పడదు. అట్టాగే వదిలేత్తే మాత్రం..."

ఆ "మాత్రం" దగ్గరే అయ్యగారి మొహం మారిపోయింది. నేను చూశాను. మా ఆయన చూడలేదు, ఆయనకి గోడ తప్ప ఏదీ కనిపించడం లేదు అప్పటికి.

సెలవు అడిగితే ముదీర్, అదే కంపెనీ మేనేజరు, ఇవ్వనన్నాడు. ఇల్లు అప్పగించే దాకా ఎవరికీ సెలవు లేదు, అంతే, ఖలాస్. పని మానేసి పోతానంటే, పో, మళ్ళీ రాకు అన్నాడు. మా ఇద్దరి కూతుళ్ళు భీమవరంలో హాస్టల్లో చదువుతున్నారు. పోలేకపోయాడు.

ఆ రోజుల్లో ఆయన అందరికీ చెప్పుకున్నాడు. మా ఉమామహేశ్వరిగారి భర్త రామ్మోహనరావుగారు మంచి మనిషి. ఆఫీసు మనిషి, ఇంగ్లీషు బాగా రాస్తారు. పాత కట్టడాలని కాపాడే వాళ్ళెవరో హైదరాబాద్‌లో ఉన్నారని, వాళ్ళకి మెయిల్ పెడదామని ఆయనే అన్నారు. మా ఆయన్ని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి లాప్‌టాప్ తెరిచారు.

"మీ చర్చికి ఉన్న ప్రత్యేకత ఏంటో చెప్పండి ప్రభుదాస్. వాళ్ళు ముందు అదే అడుగుతారు."

మా ఆయన ఉత్సాహంగా మొదలుపెట్టాడు. కొల్లేటి గుల్లలు, గానుగ, ఏ ఇంటి వంతు ఏ గోడ, ఎవరి ముత్తవ్వ ఏ కిటికీ దగ్గర సున్నంలో నీలిమందు ఎక్కువ కలిపి అందరి చేతా తిట్లు తిన్నది. రామ్మోహనరావుగారు కాసేపు విని, నొచ్చుకుంటారేమోనని మెల్లగా అన్నారు. "ఇవన్నీ బాగున్నాయి. కానీ వాళ్ళకి కావల్సింది వేరే. ప్లాన్ గీసింది ఎవరు? ఏ దొర శంకుస్థాపన చేశాడు? కిటికీల ఆర్చ్ ఏ పద్ధతిది? గంట ఇంగ్లండ్‌లో ఎక్కడ పోత పోశారు?"

"దొర పేరు తెలవదండీ. ఆయన రాయొకటి ఉండేది గోడలో." మా ఆయన ఆగాడు. "దాని మీద కూడా ప్లాస్టర్ పూసేశానండీ."

రామ్మోహనరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తెలిసినంత రాసి పంపారు. జవాబు మర్యాదగానే వచ్చింది. మీ కట్టడం ఏ జాబితాలోనూ లేదు, పైగా మొత్తం మార్చేసినట్టున్నారు, అయినా వీలు చూసుకుని ఎవరినైనా పంపుతాం అని. ఎవరూ రాలేదు. వాళ్ళని అనడానికి ఏముంది? ఫోటోలో చూస్తే అది మొన్న కట్టిన ఫంక్షన్ హాలులాగే ఉంది.

ఇక మిగిలింది మా ఊరి ఆడవాళ్ళు. వాళ్ళు సున్నం వేస్తామని నిలబడితే పెద్దలు కాదనలేరు. గుడి విషయంలో వీరమ్మత్త మాట అంటే మాటే. మా ఆయన అడిగితే ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "నువ్వొద్దన్నావ్, మానేశాం. ఇప్పుడు ఎయ్యమంటన్నావ్. మేం నీ సేతిలో బొమ్మలమా? నా కోడళ్ళకి సున్నం కలపడం కూడా రాదిప్పుడు. నీ పెళ్ళాం కన్ను సరిపోలేదంట్రా?"

ఆయన నా దగ్గరికొచ్చాడు. ఉమ్ అల్ క్వైన్ నుంచి ఒక్క గంట కోసం వచ్చి, బిల్డింగు కింద బెంచీ మీద కూర్చుని అడిగాడు. "నువ్వు సెబితే ఇంటారు సుధా. కన్ను పోయినదానివి నువ్వే ఎయ్యమంటే ఇంక ఎవరూ నోరెత్తరు."

"నన్నా అడగమంటున్నారు?"

"నిన్నే."

ఎంత తెగింపు ఆ మనిషికి! లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఆయన చేతులు చూశాను. ఉలి పట్టీ పట్టీ వేళ్ళన్నీ పగిలిపోయి ఉన్నాయి. అక్కడెక్కడో ఎవరి ఇంటినో బతికిస్తూ, ఇక్కడ తన గుడి తన చేతిలో పోతోందని కుమిలిపోతున్నాడు. నా మీద ప్రేమతోనే పూశాడు. ఆ పూతే గోడకి విషమైందని నేను అనక్కర్లేదు, ఆయనే అంటున్నాడు. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. ఫోన్ తీసి అక్కడే వీరమ్మత్తకి వాయిస్ మెసేజ్ పెట్టాను.

"అత్తా, నేను సుధారాణిని. గోడ లోపల పుచ్చిపోయిందత్తా, మా ఆయన నిజమే చెబుతున్నారు. సిమెంటు తీసేసి మళ్ళీ సున్నం వేసుకుంటే గుడి బతుకుద్ది. కన్ను పోయినదాన్ని నేనే అడుగుతున్నా. నా వంతు నేనొచ్చి వేస్తాను. మిగతావాళ్ళకి చెప్పు."

వీరమ్మత్త ఆ మెసేజ్ విని ఏడ్చిందట. ఏడ్చి, గుడి ఆడవాళ్ళందరూ ఉండే స్త్రీల మైత్రి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అక్కడ్నుంచి అది సంఘం గ్రూపుకి, అక్కడ్నుంచి గల్ఫ్ గ్రూపుకి పోయింది. పదిమంది ఆడవాళ్ళు వేస్తామని చేతులెత్తిన బొమ్మలు కూడా పెట్టారు. ఆ రాత్రి మా ఆయన నవ్వుతూ ఫోన్ చేశాడు. ఎన్ని నెలలకో ఆయన నవ్వు విన్నాను.

తర్వాతి ఆదివారం ఇక్కడ దుబాయ్‌లో మావాళ్ళ ఆరాధన అయ్యాక త్రిమూర్తులు అందర్నీ ఆగమన్నాడు. గల్ఫ్‌లో ఉన్న మా ఊరి క్రైస్తవులందరికీ ఆయనే పెద్ద. పేరు త్రిమూర్తులు, నోరు తెరిస్తే యేసయ్య పాటలు. మావాళ్ళలో ఇలాంటి పేర్లు మామూలే, కులం సర్టిఫికెట్ల గొడవ. కూలీల్ని పంపే సప్లై కంపెనీ పెట్టి బాగా పైకొచ్చాడు, ఇంటర్నేషనల్ సిటీలో ఫ్లాటు తీసుకున్నాడు. చెడ్డవాడని అనను. ఎవరికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తేది ఆయనే.

ఆయన ఫోన్ పైకెత్తి నా మెసేజ్ పెట్టాడు. "గోడ లోపల పుచ్చిపోయిందత్తా, మా ఆయన నిజమే చెబుతున్నారు." అక్కడ ఆపేశాడు.

"విన్నారా? ఇది బయటోళ్ళ మాట కాదు. ఆ గోడకి కన్ను ధారపోసిన మన చెల్లి మాట. మన ప్రభుదాస్ మాట. ఇద్దరూ దాయకుండా నిజం చెప్పారు. దేవుడు వాళ్ళ నోట పలికించాడు. ఊళ్ళో అయ్యగారు నిద్దరపోవట్లేదు. ఎవరి పిల్లల మీదన్నా గోడ పడితే ఎవరిది జవాబు? పాతది తీసేద్దాం. పిల్లర్లు లేపి, రెండంతస్తులు, కింద హాలు, పైన గుడి. ఊళ్ళో సంఘం కమిటీ కూడా సరేనంది."

జనం చప్పట్లు కొట్టారు. "ఆమెన్" అన్నారు. నేను అన్న మాటలే, నా గొంతే. మిగతా సగం ఎవరూ అడగలేదు.

మా ఆయన లేచాడు. "నేను కూల్చమని అనలేదు అన్నా. పుచ్చింది పైపైనే. అడుగున మూరెడు. సెక్కితే బాగవుద్ది, ఉమ్ అల్ క్వైన్‌లో నేను రోజూ సేత్తన్న పనే అది. రండి, ఒక్కసారి వచ్చి సూడండి, నేను సూపిత్తాను."

"ప్రభుదాసూ," త్రిమూర్తులు ప్రేమగా ఆయన భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు పూసిన గోడ కాబట్టి నీకు బాధ. మాకు తెలుసు. కానీ పుచ్చిందని నువ్వే చెప్పావు. పుచ్చిన గోడ కింద నీ కూతుళ్ళని కూర్చోబెడతావా? చెప్పు."

ఆ ప్రశ్నకి ఏ తండ్రి కూర్చోబెడతానంటాడు? నేను లేచి, "మెసేజ్ మొత్తం పెట్టండన్నా," అని అరిచాను. అప్పటికే పాట ఎత్తుకున్నారు. ఎవరో ఒక శాలువా తెచ్చి మా ఆయనకి కప్పారు, నిజం చెప్పినందుకు.

ఇంటికొచ్చి వీరమ్మత్తకి ఫోన్ చేశాను. సున్నం వేస్తామన్న ఆడవాళ్ళు ఏమయ్యారని అడిగాను. "అందరూ భయపడిపోయారే," అంది. "గోడ పుచ్చిందని ఊరంతా తెలిసిపోయాక దాని పక్కన ఎవరు నిలబడతారు? నా కోడళ్ళు గుడి వంకే రావట్లేదు." ఆవిడ్ని ఏమని తిట్టను?

ఆఖరి ఆరాధన చేసి, బల్లలూ గంటా తలుపులూ బయటపెట్టి, ఒక శనివారం పొద్దున్న జేసీబీ పెట్టారు. త్రిమూర్తులు తన ఫ్లాటులో పెద్ద టీవీకి ఫోన్ కలిపి అందర్నీ పిలిచాడు. మేమిద్దరం వెళ్ళకూడదనుకున్నాం. మళ్ళీ మా ఆయనే, "పోదాం. సావుకి ఎల్లకపోతే ఎట్టా?" అన్నాడు. చాపల మీద ముప్ఫై మంది దాకా కూర్చున్నారు. వంటింట్లోంచి కోడికూర వాసన వస్తోంది.

ముందు అయ్యగారు ప్రార్థన చేశారు. తర్వాత మిషను ఉత్తరం గోడని కొట్టింది. మొదటి దెబ్బకే మా ఆయన పూసిన సిమెంటంతా పలకలు పలకలుగా లేచి కింద పడింది. లోపల పాత గోడ బయటపడింది. ఎర్ర ఇటుక, మధ్యలో తెల్లటి సున్నం గీతలు. మా ఆయన మోకాళ్ళ మీద లేచి టీవీ దగ్గరికి జరిగాడు. అడుగున, ఆయన చెప్పినట్టే, మూరెడు మేర పిండైపోయి ఉంది. ఆ పైన గోడ ఎర్రగా, పొడిగా, శుభ్రంగా ఉంది.

రెండో దెబ్బ కొట్టింది. ఇటుక చెక్కు లేచింది, గోడ కదల్లేదు. మూడోది, నాలుగోది. మిషను వెనక చక్రాలు పైకి లేస్తున్నాయి గానీ గోడ ఉన్నచోటే ఉంది. డ్రైవరు దిగి, నీళ్ళు తాగి, గోడ చుట్టూ తిరిగి చూసి మళ్ళీ ఎక్కాడు. చాపల మీద నవ్వులు మొదలయ్యాయి. "ఏంట్రా, అన్నం తినలేదా మిషను?" అని ఎవరో అన్నారు. మధ్యాహ్నం దాకా కొట్టారు. ఒక్క మూల మాత్రం ఊడింది. చివరికి కైకలూరు నుంచి ఇంకో పెద్ద మిషను తెప్పించారు.

మేము భోజనాలకి కూర్చున్నాక కూడా టీవీలో ఆ గోడ నిలబడే ఉంది. మా ఆయన విస్తరి ముట్టలేదు.

"చూశారా!" త్రిమూర్తులు లేచి టీవీ పక్కన నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు, నిజంగానే. "రెండు మిషన్లకి కూడా లొంగట్లేదు. అదీ మన ప్రభుదాస్ ప్లాస్టర్ అంటే! దుబాయ్ పని! కొత్త గుడికి కూడా ప్లాస్టర్ ఈయన చేతులే పూయాలి. ఏమంటారు?"

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన్ని లేపి నిలబెట్టారు. ఆయన రెండు చేతులూ జోడించి, నలుగురికీ దణ్ణం పెట్టి, మెల్లగా తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను వెనకే పరిగెత్తాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. లోపల్నుంచి చప్పట్లు ఇంకా వినిపిస్తున్నాయి, మిషను మోత కూడా.

"అది సావట్లేదు సుధా," అన్నాడు. "బాగానే ఉంది. సచ్చిపోతాందని నేనే పదిమందికీ సెప్పి సంపించాను."

లోపల ఒక్కసారిగా పెద్ద కేక వేశారు. గోడ పడిందని మాకు తెలిసింది. మా ఆయన నా చెయ్యి వదిలేసి మొహం కప్పుకున్నాడు.